ఇల్లు నీ పేరు మీద లేకున్నా నిన్ను బయటికి నెట్టలేరు

(తెర మీద: తాళం వేసిన తలుపు. అరుగు మీద బియ్యం సంచి, పక్కన చిన్నపిల్ల చెప్పులు.)

పోయిన ఎండాకాలం నారాయణపేట దగ్గర ఒక ఊళ్లో చూసిన గుమ్మం ఇది. ఆ సంచిలో రెండు చీరలు, పిల్ల బడి పుస్తకాలు. ఆధార్, రేషన్ కార్డు లోపలే ఉండిపోయాయి. తాళం వేస్తూ భర్త అన్న మాట: "ఇల్లు మా అయ్యది. నువ్వెవరు?"

నమస్తే. ఇవాళ ఆ ప్రశ్నకు చట్టం ఏం జవాబు చెప్తుందో చూద్దాం.

మొగుడు కొడితే మన దగ్గర రెండే దారులు అనుకుంటారు. పెద్దమనుషుల దగ్గరికి పోతే "సర్దుకపో బిడ్డా" అంటారు. పోలీస్ స్టేషన్‌కు పోదామంటే ఆమెకే గుబులు: "ఆయన లోపలికి పోతే పిల్లల్ని ఎవరు సాకాలె?" ఆ గుబులును నేను తప్పు పట్టను. అయితే 2006 అక్టోబర్ 26 నుంచి ఇంకో దారి ఉంది. అదే 2005 నాటి గృహహింస చట్టం.

ఇందులో మొదట అడిగేది ఆయనకు శిక్ష కాదు. మళ్లీ చెయ్యి ఎత్తొద్దని ఉత్తర్వు, తలదాచుకునే చోటు, ఇంటి ఖర్చులకు డబ్బు. ఆ ఉత్తర్వును కాలరాస్తే అప్పుడు ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. భర్త, అత్తింటివాళ్లు పెట్టే బాధల మీద శిక్ష కోసం పెట్టే పాత 498ఎ కేసు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్, పూర్తిగా వేరు. అదీ పెట్టొచ్చు, పెట్టకపోవచ్చు.

(తెర మీద: ఇంటి పట్టా కాగితం)

ఇక ఇల్లు. కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కుకు పట్టా ఎవరి పేరున ఉందన్నది అడ్డు కాదు. మామ పేరున ఉన్న ఇల్లు కూడా ఇందులోకి రావచ్చని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. ఆ హక్కుకూ హద్దులున్నాయి గానీ, కోర్టు పద్ధతి లేకుండా తాళం వేసి గెంటడం మాత్రం కుదరదు.

పాలమూరులో దీనికి ఇంకో ముడి ఉంది, వలస. ముంబైకో పుణెకో ఇద్దరూ పోతారు. గుంపు మేస్త్రీ ఇద్దరి కూలీ కలిపి భర్త చేతిలో పెడతాడు. ఆమె తట్ట మోసిన రోజులకు లెక్క ఆమె దగ్గర ఉండదు. ఆ డబ్బు ఆమెకు దక్కకుండా చేయడాన్ని చట్టం ఆర్థిక హింస అంటుంది. దెబ్బే పడాలని లేదు.

మరి దెబ్బలు తిన్నది పుణెలో, వచ్చి చేరింది మక్తల్‌లో తల్లి దగ్గరికి. కేసు ఎక్కడ? తాత్కాలికంగా ఉంటున్న చోటైనా సరే, అక్కడి మేజిస్ట్రేట్ దగ్గర వేసుకోవచ్చు. పుణె పోనక్కర్లేదు.

మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయొచ్చు. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం జిల్లాలో ఉంటుంది, అక్కడికి పోవచ్చు, కొద్ది రోజులు ఉండనిస్తారు కూడా. ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన రక్షణాధికారి జరిగింది రాసి కోర్టుకు పంపుతారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు వకీలు ఉచితం.

చట్టం 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలంటుంది. నమ్ముకుని కూర్చోకండి. ఆయన వలస పోయాడు, నోటీసు అందలేదు అంటూ వాయిదాలు నడుస్తూనే ఉంటాయి. అందుకే దరఖాస్తుతో పాటే, కేసు తేలేలోపు పనిచేసే మధ్యంతర ఉత్తర్వు అడగండి. అవసరమైతే ఆయన రాకముందే ఇచ్చే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. దవాఖాన చీటీలు, దెబ్బల ఫొటోలు మీ ఫోన్‌లోనే కాదు, నమ్మకమైన ఇంకొకరి ఫోన్‌లోనూ ఉంచండి.

(తెర మీద: మళ్లీ ఆ బియ్యం సంచి)

ఆ అరుగు మీది ఆమె దరఖాస్తు రాయించేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఏమేం కావాలమ్మా అని అడిగితే వేళ్లు మడుస్తూ చెప్పింది: "నా ఆధారు. నా పుస్తెలు. మా అమ్మ ఇచ్చిన కుట్టు మిషను." కాసేపాగి, "తాళంచెవి గూడ" అంది.