తీగ వదులు చేస్తే బరువెక్కిన పాట: బ్లాక్ సబ్బాత్

అందరికీ నమస్కారం. హెవీ మెటల్ అనే మోత ఎక్కువ రాక్ సంగీతం పేరు చెబితేనే చెవులు మూసుకునేవాళ్లు ఈ హాల్లో కొందరైనా ఉంటారు. వాళ్లతో ముందు ఒక చిన్న పని చేయిస్తాను. ఆధార షడ్జం పాడండి. వెంటనే తారస్థాయి షడ్జం. అక్కడి నుంచి దిగి ప్రతిమధ్యమం మీద ఆగిపోండి, పంచమం జోలికి వెళ్లొద్దు. కల్యాణిలో అంత హాయిగా వినిపించే స్వరమే, పక్కన గాంధారం, పంచమం లేకపోయేసరికి ఎలా భయపెడుతోందో చూశారా? 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు విడుదలైన బ్లాక్ సబ్బాత్ అనే బ్యాండ్ తొలి ఆల్బమ్‌లో మొదటి పాట ఈ మూడు స్వరాలతోనే మొదలవుతుంది. అదీ నత్త నడకన.

నలుగురూ ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరం, ఆస్టన్ పేట కుర్రాళ్లు. ఓజీ ఆస్బోర్న్ గాయకుడు, టోనీ అయోమీ గిటార్, గీజర్ బట్లర్ బేస్ గిటార్ (మంద్ర స్వరాల గిటార్), బిల్ వార్డ్ డ్రమ్స్. టోనీ పదిహేడేళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సరిగ్గా ఉద్యోగం మానేసే రోజునే కుడిచేతి రెండు వేళ్ల కొసలు మిషన్‌లో పడి తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం. అంటే పోయినవి తీగలు నొక్కే వేళ్లే! దిగులుపడి కూర్చుంటే ఫ్యాక్టరీ ఫోర్‌మన్ జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. జాంగోకి కూడా అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు దెబ్బతిన్నాయి. అయినా జాజ్ గిటార్‌లో మొనగాడు.

టోనీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పైన పాత కోటు తోలు అంటించాడు. సన్నటి తీగలు వేసుకున్నాడు. 1971లో ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బమ్‌కి వచ్చేసరికి కొన్ని పాటలకు శ్రుతిని ఏకంగా మూడు స్వరస్థానాలు దించేశాడు. తీగ వదులైంది, నొక్కడం తేలికైంది, మోత మాత్రం గుండెల్లోకి దిగింది. గీజర్ బేస్ కూడా అంతే కిందకు దిగి దాన్ని అంటిపెట్టుకుని నడిచింది. ఈ రోజు మెటల్ బ్యాండ్లు గిటార్ శ్రుతి దించడం మామూలు విషయం. ఆ అలవాటుకు పునాది పడింది ఇక్కడే.

ఓజీ గురించి ఒక మాట. మన కచేరీలో గాత్రం వెంట వయొలిన్ నడుస్తుంది. వీళ్ల ‘ఐరన్ మ్యాన్’ పాటలో గిటార్ వెంట గాత్రం నడుస్తుంది. సంగతులు, గమకాలు ఏమీ లేవు. గొప్ప గాయకుడని నేననను కానీ, ఆ గొంతు తీసేస్తే ఆ పాటే లేదు.

అప్పటి విమర్శకులు చాలామంది ఈ ఆల్బమ్‌లను తీసిపారేశారు. జనం కొన్నారు. తర్వాత వచ్చిన మెటాలికా, సౌండ్‌గార్డెన్, నిర్వాణా బ్యాండ్లు అన్నీ ఈ చెట్టు కొమ్మలే. డూమ్ మెటల్ అనే శాఖ అయితే పూర్తిగా ఆ నత్త నడక మీదే బతుకుతోంది. 2025 జులై 5న ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ స్టేడియంలో నలుగురూ చివరిసారి కలిసి వాయించారు. ఓజీ కూర్చునే పాడాడు. అదే నెల 22న కన్నుమూశాడు.

ఇప్పుడు వీళ్ల ‘వార్ పిగ్స్’ పాట వేస్తాను. వియత్నాం యుద్ధ కాలంలో, కుర్రాళ్లను చావుకు పంపే పెద్దల మీద రాసిన పాట. పల్లవి కోసం చూడకండి, దొరకదు. గిటార్ రెండు దెబ్బలు కొట్టి ఆగుతుంది, ఆ ఖాళీలో ఓజీ పాడతాడు. అక్కడ బిల్ డ్రమ్స్‌లోని హై-హ్యాట్, అంటే ఆ జంట తాళాలు ఒక్కటే తాళం వేస్తుంటుంది. దాన్ని పట్టుకోండి.