కార్డు ఖాళీ చేసే గంట
(విశాఖపట్నంలో పెళ్లి ఫొటోగ్రాఫర్లు, ఫొటో సరదా ఉన్నవారి కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముహూర్తాల రోజులొస్తే మీకు నిద్రుండదు. అర్ధరాత్రి దాటాక జీలకర్ర బెల్లం, తెల్లారుజామున అప్పగింతలు, పొద్దున్నే ఇంకో మండపంలో పెళ్లికూతుర్ని చెయ్యడం. మధ్యలో దొరికే ఒక్క గంటలో కెమెరా మెమరీ కార్డులు ఖాళీ చెయ్యాలి, అంటే ఫొటోలు కంప్యూటర్లోకి దించి కార్డుని మళ్లీ సిద్ధం చెయ్యాలి. ఫొటోలు పోయేది ఆ గంటలోనే. కార్డు చెడి పోయినవాటికన్నా నిద్రమత్తులో మన చేత్తో చెరిపేసినవే ఎక్కువని నా లెక్క.

ముందు రీడర్ సంగతి చూద్దాం, అదే, కార్డుని కంప్యూటర్‌కి కలిపే పరికరం. వేలు పోసి కార్డు కొంటాం, రీడర్ మాత్రం పెన్‌డ్రైవ్‌తో పాటు ఊరికే ఇచ్చింది వాడతాం. అది యూఎస్‌బీ 2.0 దైతే సెకనుకి 35 ఎంబీ మించి రావడం కష్టం. 64 జీబీ కార్డు ఖాళీ అవడానికి అరగంట పడుతుంది. అదే కార్డుని మంచి యూఎస్‌బీ 3.0 రీడర్‌లో, నీలం రంగు పోర్టులో పెడితే సెకనుకి 90 ఎంబీ దాకా వస్తుంది, పన్నెండు నిమిషాల్లో పని అయిపోతుంది. వెనక రెండో వరుస పిన్నులున్న యూహెచ్‌ఎస్-2 కార్డు, దానికి తగ్గ రీడర్ ఉంటే నాలుగైదు నిమిషాలు చాలు. కాకపోతే తిరిగే పళ్లెం ఉన్న పోర్టబుల్ హార్డ్ డిస్క్‌లోకి నేరుగా కాపీ చేస్తే అది సెకనుకి 100 ఎంబీకి కాస్త అటూ ఇటూగా ఆగిపోతుంది. ఎంత ఖరీదు రీడర్ పెట్టినా దండగే. ముందు ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీలోకి, అంటే తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్క్‌లోకి దించి, కార్డు పక్కన పెట్టాక, తీరిగ్గా హార్డ్ డిస్క్‌లోకి పంపండి.

కార్డు మీద 170, 200 అని పెద్దక్షరాల్లో ఉండేది చదివే వేగం. ఒకే వరుస పిన్నులుండే కార్డుల యూహెచ్‌ఎస్-1 ప్రమాణం సెకనుకి 104 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. ఆపై వేగం రావాలంటే ఆ కంపెనీ పద్ధతిని అర్థం చేసుకునే రీడర్ ఉండాలి. వీ30, వీ60 అనేవి వీడియో తీసేటప్పుడు కార్డు తగ్గకుండా రాయాల్సిన కనీస వేగం, సెకనుకి అన్ని ఎంబీలు అని. కాపీ చేసే వేగంతో వాటికి పని లేదు.

కెమెరాకే కేబుల్ తగిలించి దించుకోవచ్చు కదా అంటారు. దించుకోవచ్చు, కానీ సగంలో బ్యాటరీ అయిపోతే కాపీ సగంలో ఆగుతుంది. పైగా ఆ కేబుల్ సాకెట్ వదులైతే కెమెరా బాడీ రిపేరుకెళ్లాలి. రీడర్ పోతే ఇంకో రీడర్ కొనుక్కుంటాం, అంతే.

ఇప్పుడు అసలు విషయం. ఎస్‌డీ కార్డుకి ఎడమ పక్కన చిన్న లాక్ ఉంటుంది, చూశారా? రీడర్‌లో పెట్టే ముందు దాన్ని కిందికి జరపండి. చదవడానికి అది అడ్డం రాదు. చెరపడానికి, రాయడానికి అడ్డం వస్తుంది. నిద్రమత్తులో డిలీట్ నొక్కినా కంప్యూటర్ చెయ్యలేనంటుంది. అయితే లాక్ కార్డు లోపల ఏమీ మార్చదు, అదొక ప్లాస్టిక్ ముక్క. దాన్ని గమనించాల్సింది రీడరే, కొన్ని చవక రీడర్లు గమనించవు. మీ రీడర్ సంగతేమిటో ఖాళీ కార్డుతో ఒకసారి పరీక్షించుకోండి. లాక్ తిరిగి పైకి జరపడం మర్చిపోతే కెమెరాయే గుర్తు చేస్తుంది, ఫొటో తియ్యనివ్వదు.

కట్ పేస్ట్ మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు. కార్డు నుంచి డిస్క్‌కి కట్ చెయ్యడమంటే కాపీ చేస్తూ వెనకాల చెరుపుకుంటూ పోవడం. మధ్యలో కరెంటు పోతే సగం ఇక్కడ, సగం అక్కడ, ఆ క్షణంలో కదులుతున్న ఫైలు ఎక్కడా ఉండకపోవచ్చు. కాపీయే చెయ్యండి. అది కూడా కెమెరా ఫొటోలు పెట్టే డీసీఐఎమ్ ఫోల్డర్ ఒక్కటే కాదు, కార్డంతా. సోనీ కెమెరాల్లో వీడియోలు ప్రైవేట్ అనే ఇంకో ఫోల్డర్లో, ఎం4రూట్ లోపల ఉంటాయి. డీసీఐఎమ్ ఒక్కటే లాగేసి ఫార్మాట్ కొడితే ఫొటోలు మిగులుతాయి, తాళి కట్టే వీడియో పోతుంది.

ఇంకో చిక్కు పేర్లతో. కెమెరా ఇచ్చే నంబరు నాలుగంకెలే, 9999 దాటితే మళ్లీ 0001 నుంచి మొదలు. ఒకే కంపెనీ కెమెరా బాడీలు రెండు వాడితే రెండింటిలోనూ 4512 నంబరు ఫొటో ఉండొచ్చు. ఒకే ఫోల్డర్లో పోస్తే విండోస్ ‘రీప్లేస్ చెయ్యనా?’ అని అడుగుతుంది. తొందరలో సరే అన్నామా, మొదటిది పోయినట్టే. కార్డుకో ఫోల్డర్ పెట్టండి: తేదీ, పార్టీ పేరు, బాడీ ఏదో, ఎన్నో కార్డో. తేదీలో ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆపైన రోజు రాస్తే ఫోల్డర్లు వాటంతటవే వరసలో నిలబడతాయి. పెళ్లికి బయల్దేరే ముందు రెండు కెమెరాల గడియారాలూ కలపండి. పది నిమిషాల తేడా ఉంటే ఆల్బమ్ చేసేవాడికి తలంబ్రాలు ముందు, తాళి తర్వాత కనిపిస్తాయి.

కాపీ అయింది. అయిందని ఎలా తెలుసు? కార్డు తెరిచి లోపలివన్నీ సెలెక్ట్ చేసి, కాపీ చేసిన ఫోల్డర్లోనూ అలాగే చేసి, విడివిడిగా రైట్ క్లిక్‌తో ప్రాపర్టీస్ చూడండి. ఫైళ్ల సంఖ్య, సైజు బైట్లతో సహా కలవాలి. దాని కింద ‘సైజ్ ఆన్ డిస్క్’ అని ఉంటుంది, అది కలవకపోయినా కంగారు పడక్కర్లేదు. డిస్క్‌ని గళ్లుగా విభజించే తీరు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. సంఖ్యా సైజూ కలిసినా లోపలి సరుకు కూడా అదేనని చెప్పలేం. దానికి టెరాకాపీ లాంటి ప్రోగ్రాంలో వెరిఫై పెట్టుకోవాలి. అది కాపీ అయిన ఫైలుని మళ్లీ చదివి, లెక్కకట్టి, అసలు ఫైలు లెక్కతో పోలుస్తుంది. కొంచెం ఎక్కువసేపు పడుతుంది, పడనివ్వండి.

థంబ్‌నెయిళ్లు చూసి మోసపోకండి. ‘రా’ (RAW) ఫైల్లో, అంటే కెమెరా ఇచ్చే ముడి ఫైల్లో, చిన్న జేపెగ్ బొమ్మ ఒకటి ఇమిడి ఉంటుంది, బయటికి కనిపించేది అదే. అసలు డేటా సగం చెడినా ఆ బొమ్మ చక్కగా కనిపిస్తుంది, ఎడిటింగ్‌లో తెరిస్తే కింద సగం బూడిద రంగు. మొదట్లో, మధ్యలో, చివర్లో కొన్ని ఫొటోలు పూర్తి సైజులో తెరిచి చూడండి.

ఫొటోలు ఎడిట్ చేసే లైట్‌రూమ్ ప్రోగ్రాం వాడేవాళ్లకి ఒక ప్రత్యేక హెచ్చరిక. ఇంపోర్ట్ తెర పైన ‘కాపీ’, ‘యాడ్’ అని ఉంటాయి. యాడ్ అంటే ఫొటో ఉన్నచోటే ఉంటుంది, చిట్టాలో పేరు మాత్రం ఎక్కుతుంది. కార్డు మీద యాడ్‌ని లైట్‌రూమ్ చాలాసార్లు ఒప్పుకోదు, ఒప్పుకున్నప్పుడు అలా యాడ్ చేసి ఫార్మాట్ కొడితే తెర మీద బొమ్మలు కనిపిస్తూనే ఉంటాయి, ఫైళ్లు మాత్రం ఉండవు.

కార్డు పెట్టగానే ‘ఫార్మాట్ చేస్తే గానీ వాడలేరు’ అని కంప్యూటర్ అడిగితే ఒప్పుకోవద్దు. 64 జీబీ, అంతకు మించిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైళ్ల అమరికలో ఉంటాయి. 32 జీబీ రోజుల నాటి పాత రీడర్‌కో పాత కంప్యూటర్‌కో ఆ కార్డు అర్థం కాక అలా అడగొచ్చు. ఇంకో రీడర్‌లో, ఇంకో పోర్టులో, మళ్లీ కెమెరాలో పెట్టి చూడండి. డ్రోన్ మైక్రో ఎస్‌డీ అయితే అడాప్టర్ మార్చి చూడండి. నిజంగానే చెడితే ఆ కార్డు మీద ఇక ఒక్క ఫొటో కూడా తియ్యకూడదు, రిపేరు ప్రయోగాలూ చెయ్యకూడదు. పోయిన ఫైళ్లు వెతికే ఫొటోరెక్, రెకువా లాంటి ప్రోగ్రాంలతో తవ్వుకోవచ్చు. తవ్వింది వేరే డిస్క్‌లోకే పొయ్యండి. మామూలు ఫార్మాట్ చాలా కెమెరాల్లో ఫైళ్ల పట్టికనే తుడుస్తుంది, అందుకే ఆశ మిగులుతుంది. దాని మీద మళ్లీ షూట్ చేస్తే ఆ ఆశా పోతుంది.

మన సముద్రం గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు, గ్రిల్సే తినేస్తుంది. కార్డు కాంటాక్టులకి బంగారు పూత ఉంటుంది గానీ, రీడర్ లోపలి సన్నటి స్ప్రింగ్ పిన్నులకి తేమ, ఉప్పు పడవు. కార్డు కదిలిస్తే కనిపించి మాయమవుతోందంటే ముందు రీడర్‌నే అనుమానించండి. ఏసీ గదిలోంచి ఆర్కే బీచ్‌కి వస్తే కెమెరాకి చెమట పడుతుంది. అది ఆరే దాకా కార్డు తలుపు తియ్యొద్దు.

రెండో కాపీ ఎక్కడ ఉంచాలి? ఇంట్లో ఒక డిస్క్, షాపులో ఒక డిస్క్ మామూలు రోజుల్లో సరిపోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు బీచ్ రోడ్డనీ గాజువాకనీ తేడా చూడలేదు. అందుకని ఏడాదికోసారి ఒక డిస్క్‌ని రాజమండ్రిలోనో హైదరాబాద్‌లోనో ఉన్న చుట్టాలింటికి చేర్చండి. నెట్ బాగుంటే క్లౌడ్‌లో పెట్టండి, కనీసం ఎడిట్ చేసిన జేపెగ్‌లైనా.

ఈ రెండు కాపీలూ సరిచూశాకే కార్డుని కెమెరాలో పెట్టి, కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యండి, కంప్యూటర్లో వద్దు. ఫోల్డర్లు తనకి కావాల్సినట్టు కెమెరా తనే కట్టుకుంటుంది.

ఈ బల్ల మీద పాత యూఎస్‌బీ 2.0 రీడర్, యూఎస్‌బీ 3.0 రీడర్, యూహెచ్‌ఎస్-2 రీడర్ ఉన్నాయి. మీ కార్డులు తెచ్చి ఎంత వేగం వస్తుందో మీరే చూసుకోండి. పెట్టే ముందు లాక్ కిందికి జరపండి.