పంప్ యాక్షన్ తుపాకి ఇంటి కాపలాకి పనికొస్తుందా? పుర్రచేతివాడి రివ్యూ

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఈ రోజు బల్ల మీద ఉన్నది 12 బోరు పంప్ యాక్షన్ తుపాకి. ముందు కెమెరాకి దగ్గరగా చూపిస్తా. ఇదిగో ఛాంబరు, అంటే పేలే తూటా కూర్చునే చోటు. ఇదిగో కింద ట్యూబు, మిగతా తూటాలు ఉండేది ఇందులో. కంటితో చూశా, వేలు పెట్టి కూడా చూశా, రెండూ ఖాళీ. తూటాలు ఈ గదిలోనే లేవు.

ఈ వీడియో ఇప్పుడు తీయడానికి కారణం నా వెనకున్న ఇనుప పెట్టె. ఒక కంపెనీవాళ్లు ఊరికే పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు, పెట్టె గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్తా, కాకపోతే ఆ మాటలు వాళ్లకి నచ్చుతాయో లేదో నాకు తెలీదు. గన్ను మాత్రం నా డబ్బుతో, నా లైసెన్సు మీద కొన్నదే. కంపెనీ గుర్తు మీద టేపు ఎందుకు వేశానంటే, పేరు కనబడితే చాలు కామెంట్లలో యుద్ధం మొదలవుతుంది. బరువెంత, పొడవెంత, ట్యూబులో ఎన్ని పడతాయి, ఇవన్నీ మీరు వేరే చోట చూసే వచ్చుంటారు. వాటి జోలికి నేను పోను.

మా ఇల్లు తాడిపత్రి దాటినాక చీనీ తోటలో ఉంది. కేక వేస్తే పక్కింటోళ్లకు వినపడదు. అందుకే చాలామంది అడుగుతుంటారు, అన్నా, బోరు కేబుళ్లు కోసుకుపోతున్నారు, మేమూ ఒకటి తీసుకోవచ్చా అని. కేబుల్ కోసమైతే వద్దు. రాగి తీగ ఎత్తుకుపోయే వాడి ప్రాణం తీసే హక్కు చట్టం మీకు ఇవ్వలేదు. రాత్రిపూట తలుపు పగలగొట్టి ఇంట్లోకి వచ్చేవాడి సంగతి వేరు. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ గురించే, తీరిగ్గా చదువుకోండి. ఆ పరిస్థితిలో కూడా అవసరానికి మించి హాని చేస్తే రేపు బోనులో నిలబడేది మీరే. అడవి పందుల కోసం అనేవాళ్లకీ అదే మాట, అనుమతి లేకుండా కొడితే కేసు అవుతుంది.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. పంప్ అంటే బ్యారెల్ కింద ఈ పిడి. వెనక్కి లాగితే కాలిన కేసు, అంటే పేలిన తూటా ఖాళీ తొడుగు, బయట పడుతుంది, ముందుకు తోస్తే కొత్త తూటా లోపలికి పోతుంది. సెమీ ఆటోమేటిక్ అయితే ఆ పని తూటా బలంతోనే జరగాలి. తూటా పాతదై బలం తగ్గితే అది మధ్యలో ఆగిపోతుంది. పంప్‌కి ఆ బాధ లేదు, ఎందుకంటే తిప్పేది మీ చెయ్యి. దీన్ని నమ్మకమైన తుపాకి అనేది ఇందుకే. బ్రౌనింగ్ అనే అమెరికా డిజైనర్ గీసిన పంప్ తుపాకి వించెస్టర్ 1897 మొదటి ప్రపంచయుద్ధం కందకాల బురదలో పనిచేసింది. రెమింగ్టన్ 870 అనే పంప్ వచ్చింది 1950లో, ఇప్పటికి కోటికి పైగా తయారయ్యాయి. మాస్‌బర్గ్ 500 అనే ఇంకో పంప్ వచ్చింది 1961లో. పనికిరాని సరుకైతే ఇన్నేళ్లు ఎవరు కొంటారు?

ఐతే చెయ్యి తిప్పుతుంది అన్నామంటే, చెయ్యి తప్పు చేస్తే తుపాకి కూడా తప్పు చేస్తుందన్నమాటే. పిడిని సగం లాగి ముందుకు తోశారనుకోండి. కాలిన కేసు పూర్తిగా బయటికి రాదు, లేదా కింద నుంచి కొత్త తూటా పైకి ఎక్కదు. ట్రిగ్గర్ నొక్కితే టిక్ అంటుంది, అంతే. మా చిన్నాయన కొడుకు యూరియా బస్తా ఒంటి చేత్తో భుజానికి ఎత్తుకునే మనిషి. రైఫిల్ క్లబ్బులో వాడి గన్ను వాడికి ఇదే పని చేసింది. మొదటిది పేలింది, రెండోదానికి టిక్. బలం చాలక కాదు. ఖరీదైన వస్తువు, గట్టిగా లాగితే ఏమవుతుందోనని బీరువా తలుపు తీసినట్టు మెల్లగా లాగాడు. ఏమీ కాదప్పా, ఇది ముద్దు చేసే వస్తువు కాదు! వెనక గోడకి కొట్టుకునేదాకా లాగాలి, అదే ఊపుతో ముందుకు తొయ్యాలి. నిదర మత్తులో, టెన్షన్‌లో, చీకట్లో అది ఆలోచించి చేసే పని కాదు, చేతికి అలవాటు అయిపోయి ఉండాలి. డమ్మీ తూటాలు దొరుకుతాయి, ప్లాస్టిక్‌వి, అల్యూమినియంవి. వాటితో రోజూ ఇంట్లో సాధన చేయండి. అసలు తూటాలతో ఇంట్లో సాధన మాత్రం ఎప్పుడూ వద్దు.

ఇక నా సొంత గోల. నాది పుర్రచేతి వాటం. సేఫ్టీ బటన్, అంటే ట్రిగ్గర్ నొక్కుకోకుండా ఆపేది, ఎక్కడుందన్నది కుడిచేతి వాళ్లకి చిన్న విషయం, నాకు అదే పెద్ద విషయం. 870లో ట్రిగ్గర్ వెనకాల అడ్డంగా తోసే బటన్. కుడిచేతి చూపుడువేలికి సరిగ్గా అందుతుంది. నా వేలు అవతలి వైపు ఉంటుంది కదా, పట్టు వదిలి తిప్పుకోవాలి. మాస్‌బర్గ్ 500లో సేఫ్టీ పైన, వెనక భాగంలో ఉంటుంది, ఏ చేతి బొటనవేలైనా నేరుగా దాని మీదకే పోతుంది. ఈ ఒక్కదానికే ఆ డిజైన్ గీసినవాళ్లకి దండం పెట్టొచ్చు. నా దగ్గరున్నది అడ్డం బటన్‌దే. తీసిన ప్రతిసారీ చిరాకు. పైగా కాలిన కేసులు కుడి పక్కకి ఎగురుతాయి, అంటే నా ముక్కు ముందు నుంచి. కొనేముందు పదిమందిని అడిగాను, ఒక్కరూ ఈ సంగతి చెప్పలేదు. మీరు పుర్రచేతివాళ్లైతే షాపులో మొదట సేఫ్టీ మీద వేలు పెట్టి చూడండి, మిగతావన్నీ తర్వాత.

ఇంకొకటి గుర్తుంచుకోండి. చాలా షాట్‌గన్లలో, అంటే ఒక్క తూటాలో చాలా గుండ్లు ఉండే ఇలాంటి తుపాకుల్లో, సేఫ్టీ ట్రిగ్గర్‌ని మాత్రమే ఆపుతుంది. కింద పడి దెబ్బ తగిలితే దాన్ని నమ్మలేం. మన ఇళ్లలో నేలంతా కడప బండలే. ఛాంబర్ ఎప్పుడూ ఖాళీగా ఉంచండి.

బండలంటే గుర్తొచ్చింది. షాట్‌గన్‌కి గురి అక్కర్లేదు, గదంతా గుండ్లు పరుచుకుంటాయి అని చెప్తారు చూడండి, ఒట్టి మాట. గదిలో ఉన్న దూరానికి గుండ్లు పిడికెడంత, మహా అయితే అరచేయంత చోటులోనే తగులుతాయి. గురి తప్పితే మొత్తం తప్పినట్టే. తప్పినవి రాతి నేల మీద పడితే ఎటు ఎగురుతాయో ఎవరూ చెప్పలేరు. పలచటి ప్లైవుడ్ తలుపైతే దాటుకుని పోతాయి, ఆ వెనక గదిలో మీ పిల్లలు పడుకుని ఉండొచ్చు. చక్ చక్ అని పంప్ శబ్దం వింటేనే దొంగ పారిపోతాడనే మాట కూడా నాకు ఒళ్లు మంట. పారిపోతే సంతోషం. పారిపోకపోతే మీరెక్కడ నిలబడ్డారో మీరే వాడికి చెప్పినట్టయింది. శబ్దంతో భయపెట్టాలంటే సైరన్ పెట్టుకోండి, దానికి లైసెన్సు కూడా అక్కర్లేదు.

దీనికి ముందు మా ఇంట్లో ఉన్నది నాన్న డబుల్ బ్యారెల్. వారసత్వంగా నా లైసెన్సులోకి మార్పించుకున్నా, ఇప్పటికీ ఉంది. దానికి రెండు ట్రిగ్గర్లు, రెండు వేరువేరు యంత్రాలు. ఒకటి మొరాయిస్తే రెండోది పనిచేస్తుంది. సగం లాగడం అనే సమస్యే లేదు. మడత విప్పితే లోపల తూటా ఉందా లేదా కంటికి కనబడుతుంది. కాకపోతే పాత తుపాకులకు ఛాంబర్ 65 మిల్లీమీటర్లది ఉంటుంది. ఇప్పుడు దొరికే తూటాల్లో 70వి ఎక్కువ. లోపల పడింది కదా, సరిపోయిందిలే అనుకుంటారు, అది ప్రమాదం. తూటా మీద రాసిన కొలత పేలి మూతి విప్పుకున్నాక ఉండే పొడవు. చిన్న ఛాంబర్‌లో ఆ మూతి విప్పుకోవడానికి చోటు ఉండదు, ఒత్తిడి పెరిగిపోతుంది. బ్యారెల్ మీద కొట్టిన కొలత చదవండి, లేదా తెలిసిన మెకానిక్‌తో చూపించండి. అట్టకేసు పాత తూటాలు ఇంట్లో ఉంటే వాటిని పంప్‌లో పెట్టొద్దు. తేమకి ఉబ్బి ఛాంబర్‌లో ఇరుక్కుంటాయి.

ఏది కొనాలి అంటారా? పాట పాడినట్టు 870, 500 అంటున్నా కానీ కొత్తవి బయటి దేశం నుంచి తెప్పించుకునే దారి మామూలు లైసెన్సుదారుకి దశాబ్దాలుగా మూసే ఉంది. పాతవి చేతులు మారుతుంటాయి, ధర చెప్తే నవ్వొస్తుంది. కొత్తది అంటే ట్రిచీ ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీది, లేదా మన దేశంలోని ప్రైవేటు తయారీదార్లది. షాపులో పిడిని మెల్లగా లాగి చూడండి, మధ్యలో పట్టేస్తే వద్దు. డమ్మీలు వేసి తిప్పించమనండి, బయటికి విసిరే తీరు చూడండి. సాధన చేసే ఓపిక ఉంటే పంప్ తీసుకోండి. దసరాకి ఒకసారి తీసి పూజ చేసి మళ్లీ లోపల పెట్టేవాళ్లైతే డబుల్ బ్యారెలే మేలు, నా మాట వినండి. రెండూ కావాలంటే ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒకరికి రెండే తుపాకులు, గుర్తుంచుకోండి. అదే సవరణలో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లు అయింది. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చి ఇతరులకి ప్రమాదం తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పెళ్లికొడుకు మేనమామలకి ఇది చూపించండి.

పెట్టె సంగతి మర్చిపోలేదు. ఇనుము మందం బాగుంది, అతుకులు బాగున్నాయి. బోల్టులు ఇటుక గోడకి ఇచ్చారు. మా గోడ రాయి, మధ్యలో మట్టి. బిగిస్తే మట్టి రాలింది కానీ బోల్టు నిలవలేదు. చివరికి కింద బండకి సిమెంటు పోసి కూర్చోబెట్టాను. నంబర్ నొక్కిన ప్రతిసారీ బీప్ అని ఇల్లంతా లేపుతుంది, ఆ శబ్దం ఆపే దారి లేదు. బ్యాటరీ అయిపోతే తాళంచెవి వాడాలి, ఆ చెవి ఎక్కడ దాచాలన్నది మళ్లీ ఇంకో సమస్య. మామూలు తాళం పెట్టె ఇదే మందంలో దొరికితే అదే కొనండి.

చివరగా మన సీమవాళ్లకి ఒక పని. ఎన్నికలొస్తే స్టేషన్‌కి పిలిచి తుపాకి డిపాజిట్ చేయమంటారు, 2024లోనూ అంతే. ఇచ్చేముందు దుమ్ము తుడిచి పల్చగా నూనె రాయండి, చిక్కగా రాస్తే ఎర్రమట్టి పట్టుకుంటుంది. నంబర్ రసీదులో సరిగ్గా రాశారో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. తిరిగి తెచ్చుకున్నాక డమ్మీలతో పిడి తిప్పి చూసిన తర్వాతే పెట్టెలో పెట్టండి.