హేస్టింగ్స్: కోల్పోయింది ఒక్క యుద్ధమేనా?

సభకు నమస్కారం.

హేస్టింగ్స్ యుద్ధం అనగానే ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని నార్మండీ నుంచి వచ్చిన నార్మన్ల గుర్రాలూ, ఇంగ్లాండు రాజు హెరాల్డ్ కంటికి తగిలిందని చెప్పుకునే బాణమూ గుర్తుకొస్తాయి. నన్ను వేధించే ప్రశ్న మాత్రం వేరు. 1066 అక్టోబరు 14న ఒక్క పగటి పోరులో ఓడినంత మాత్రాన ఇంగ్లాండు రాజ్యం మొత్తం ఎందుకు చేజారింది?

ఆ ఏడాది జనవరిలో ఎడ్వర్డ్ రాజు సంతానం లేకుండా మరణించగా, మరునాడే హెరాల్డ్ పట్టాభిషిక్తుడయ్యాడు. సెప్టెంబరు 25న ఉత్తరాన స్టాంఫర్డ్ బ్రిడ్జ్ వద్ద నార్వే రాజు హరాల్డ్ హార్డ్రాడానూ, అతని పక్షాన చేరిన తన సొంత తమ్ముడు టాస్టిగ్‌నూ ఓడించాడు. ఇద్దరూ అక్కడే హతులయ్యారు. మూడు రోజులకే నార్మండీ ప్రభువు విలియం దక్షిణాన పెవెన్సీలో దిగాడు. హెరాల్డ్ లండన్‌లో కొన్నాళ్లు ఆగి, మరింత సైన్యాన్ని కూడగట్టుకోకుండా అంత తొందరగా ఎదురెళ్లడం పొరపాటేనని నా అభిప్రాయం.

అయినా హేస్టింగ్స్ దగ్గరి గుట్ట మీద డాలుకు డాలు ఆనించి నిలిచిన ఇంగ్లీషు కాల్బలం ఉదయం నుంచి పొద్దు వాలేదాకా చెక్కుచెదరలేదనే చెప్పాలి. పారిపోతున్నట్లు నటించిన నార్మన్ రౌతులను తరుముతూ కొందరు కిందికి దిగి చిక్కుకున్నారు, బారు పలచబడింది. తమ్ముళ్లు గిర్త్, లియోఫ్‌వైన్, చివరకు హెరాల్డ్, ముగ్గురూ ఆనాడే నేలకొరిగారు.

అసలు నష్టం ఇదే. లండన్‌లో పెద్దలు ఎడ్గార్ అనే కుర్రవాణ్ణి రాజుగా ఎన్నుకున్నా, అతని వెనుక నిలిచి పోరాడగల నాయకుడు మిగలలేదు. డిసెంబరు 25న వెస్ట్‌మినిస్టర్‌లో కిరీటం విలియం తలకెక్కింది. షైర్లుగా, అంటే జిల్లాల్లాంటి ప్రాంతాలుగా విభజించిన దేశం, అంతటా చెల్లే ఒకే నాణెం, క్రమంగా వసూలయ్యే భూమి పన్ను, రాజముద్రతో వెళ్లే ఆజ్ఞాపత్రాలు, ఇవన్నీ ఆనాటి యూరప్‌లో అరుదైన ఏర్పాట్లు. సింహాసనం చేజిక్కినవాడికి ఆ యంత్రాంగమంతా సిద్ధంగా దొరికింది. పక్కనున్న వేల్స్‌లో రాజులు పలువురు, వాళ్లలో వాళ్లకే పడదు. బహుశా అందుకే దాన్ని పూర్తిగా లొంగదీయడానికి 1283 దాకా పట్టింది.

ఉత్తరాది తిరగబడకపోలేదు. 1069-70 చలికాలంలో విలియం అక్కడి ఊళ్లనూ ధాన్యాన్నీ తగలబెట్టించి అణచివేశాడు. 1086లో జరిపించిన భూముల సర్వే, అంటే డూమ్స్‌డే గ్రంథం, ప్రతి ఊరికీ ఎడ్వర్డ్ కాలంలో యజమాని ఎవరు, ఇప్పుడెవరు అని నమోదు చేసింది. రెండో గడిలో పెద్ద భూస్వాముల పేర్లలో ఇంగ్లీషు పేర్లు వెతికినా కనిపించేవి చాలా తక్కువ. తొమ్మిది నెలలకు పైగా ఏలిన హెరాల్డ్‌ను సైతం ఆ లెక్కల్లో సాధారణంగా రాజు అనలేదు, రాజు కింది పెద్ద ప్రభువుకు వాడే బిరుదుతో ఎర్ల్ హెరాల్డ్ అని మాత్రమే రాసుకున్నారు.