అంచు వంకరగా ఉంటే బ్లేడు పెట్టాలా?

నమస్తే అండి, బరంపురం నుంచి మళ్లీ నేనే. ఈ కార్డు కెమెరాకి దగ్గరగా పెడతాను, చూడండి. 1980ల్లో బబుల్‌గమ్‌తో వచ్చిన కపిల్ దేవ్ బొమ్మ. ఎడమవైపు తెల్ల అంచు గోరంత, కుడివైపు దారమంత. మా బావ చూసి, "ఒరేయ్, బ్లేడూ స్కేలూ తే, రెండు నిమిషాల్లో సమానం చేసేద్దాం" అన్నాడు.

"పట్టు నేసేవాడివి, నువ్వే ఇలా అంటే ఎలా బావా? మగ్గం మీద పోగు తప్పితే చీర అంచు కత్తిరించేస్తావా?" అని కార్డు లాగేసుకున్నాను.

ఇది వాడకంలో పాడైంది కాదండి, పుట్టుకతోనే ఇలా వచ్చింది. పెద్ద షీటు మీద బోలెడు కార్డులు ఒకేసారి అచ్చేసి, కట్టలుగా పేర్చి కోస్తారు. కట్ట కాస్త జరిగిందా, అంచులు ఇలా తయారవుతాయి. చెవి పక్కన ఎర్రగా నీడలా ఉంది చూశారా? ప్రెస్సువాళ్లు దీన్ని రిజిస్టర్ తప్పడం అంటారు. రంగుల ప్లేట్లు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోలేదన్నమాట.

కెనడా హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ తొలి కార్డు 1979లో ఓ-పీ-చీ కంపెనీ వేసింది. దాని అంచులు పీచుపీచుగా ఉండటం మామూలే. నున్నగా కనిపిస్తేనే కొనేవాడికి టెన్షన్, ఎవరైనా కోశారేమోనని!

విచిత్రం ఏంటంటే, ఇదే గ్రెట్జ్‌కీ దగ్గర ఒకప్పుడు బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ సిగరెట్ కార్డు ఉండేది. కార్డు ఎంత బాగుందో చూసి నంబరిచ్చే గ్రేడింగ్ కంపెనీ దానికి పదికి ఎనిమిది ఇచ్చింది. 2007లో 28 లక్షల డాలర్లకు అమ్ముడైంది. 2013లో బిల్ మాస్ట్రో అనే వేలం వ్యాపారి, దాని అంచులు కోసింది తానేనని కోర్టులో ఒప్పుకున్నాడు. అంత పేరున్న కార్డు కాబట్టి తట్టుకుంది. మన బబుల్‌గమ్ కార్డుకి ఆ గీత లేదు! కోసినట్టు తేలితే గ్రేడింగ్ కంపెనీలు మామూలుగా నంబరే ఇవ్వవు. బొమ్మ పక్కకు జరిగిన కార్డుకైతే, తక్కువదో ఎక్కువదో, ఒక నంబరంటూ వస్తుంది.

దుమ్ము ఉంటే మెత్తని గుడ్డతో తుడవండి, తప్పులేదు. రంగు పోయిన తెల్లచుక్కల్ని స్కెచ్ పెన్నుతో నింపేవాళ్లని చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

చివరికి బావ కోసం ఒక పని చేశాను. బడాబజార్‌లో ఫ్రేము కట్టించేటప్పుడు బొమ్మ చుట్టూ పెట్టే మౌంటు అట్ట కిటికీని కాస్త చిన్నగా కోయించి, కుడివైపుకి జరిపించాను. ఇప్పుడు రెండు అంచులూ సమానంగానే కనిపిస్తున్నాయి. వెనక మేకులు తీస్తే కార్డు ఎలా వచ్చిందో అలాగే ఉంటుంది.