బొమ్మ పోస్టరయ్యేటప్పుడు గీత చచ్చిపోకూడదు

అందరికీ నమస్కారం.

ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది డ్రాయింగ్ టీచర్లు, కొంతమంది డిజైన్ చెప్పేవాళ్లు, వెనక వరుసల్లో విద్యార్థులు కూడా కనిపిస్తున్నారు. అందుకని నేరుగా విషయంలోకి వచ్చేస్తాను. కాగితం మీద పెన్సిల్‌తోనో, బొగ్గుతోనో, నీటి రంగులతోనో ఒక విద్యార్థి వేసిన బొమ్మని పోస్టర్‌గా, పుస్తకం అట్టగా, లోగోగా, గుడ్డ మీద అచ్చేసే డిజైన్‌గా మార్చడం ఎలాగో చెప్పమన్నారు. ఈ పని ఇప్పుడు చాలాచోట్ల జరుగుతోంది, కానీ జరిగే తీరు చూస్తే బాధేస్తుంది. ఫోన్‌తో ఒక ఫొటో తీస్తారు, బ్యాక్‌గ్రౌండ్ చెరిపేస్తారు, ఏదో ఫిల్టర్ వేస్తారు, పైన పెద్ద పెద్ద అక్షరాలు పెడతారు, మూలన పేరు చిన్నగా వేస్తారు, ఒక్కోసారి అదీ ఉండదు. ఆ పోస్టర్‌లో విద్యార్థికి తన బొమ్మ కనిపిస్తుంది గానీ తన చెయ్యి కనిపించదు. బొమ్మలో ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అన్న ఎంపికే ఈ పనిలో అసలు డిజైన్. ఆ ఎంపిక బొమ్మ వేసినవాళ్లే చెయ్యాలి, మనం పక్కనుండి దారి చూపించాలి. ఈ మాట చెప్పడానికే ఇవాళ వచ్చాను.

1891లో తులూజ్ లోత్రెక్ ప్యారిస్‌లోని మూలాన్ రూజ్ అనే డాన్స్ హాల్ కోసం వేసిన పోస్టర్ మీలో చాలామంది చూసే ఉంటారు. ఆయన చిత్రకారుడిగా శిక్షణ పొందిన మనిషి, జనాన్ని వెలుగునీడలతో సహా వెయ్యడం ఆయనకి కొత్త కాదు. కానీ ఆ పోస్టర్‌లో డాన్సర్ వెనక నిలబడ్డ జనం మొత్తాన్నీ ఒకే ఒక నల్లటి ఆకారం చేసేశాడు. మొహాల్లేవు, బట్టల మీద మడతల్లేవు, టోపీల అంచులు మాత్రం కనిపిస్తాయి, అంతే. ముందున్న మగమనిషి కూడా బూడిదరంగు నీడలా ఉంటాడు. అచ్చు రాయి మీద జరిగేది, ఒక్కో రంగుకీ విడిగా అచ్చు వెయ్యాలి, కాబట్టి రంగులు తక్కువే వాడుకోవాలి. ఆ ఇబ్బందినే ఆయన బలంగా మార్చుకున్నాడు. చూసేవాడి కన్ను తిన్నగా డాన్సర్ తెల్లటి లోలంగా మీదికి పోతుంది. పెయింటింగ్ ముందు మనిషి నిలబడి చూస్తాడు, పోస్టర్‌ని నడుస్తూ చూస్తాడు. ఈ తేడా తెలిస్తే ఎంత వదిలేయాలో కూడా తెలుస్తుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుని దగ్గరగా చూద్దాం. ఒక అమ్మాయి ఏ4 కాగితం మీద బొగ్గుతో కాకిని వేసిందనుకోండి. రెక్కలన్నీ ఓపిగ్గా వేసింది, కొమ్మ వేసింది, వెనక ఆకాశానికి షేడింగ్ ఇచ్చింది. మెడ దగ్గర మాత్రం బొగ్గుని వేలితో రుద్దింది, ఆ వేలి రాపిడి వల్ల అక్కడ ఈకలు నిజంగా మెత్తగా ఉన్నట్టు అనిపిస్తోంది. కంటి పక్కన రబ్బరుతో ఒక్క చుక్క తీసేసింది, అదే కంట్లో మెరుపు. దీన్ని గ్రంథాలయంలో జరిగే చదువుల వారోత్సవానికి పోస్టర్ చెయ్యాలి. మామూలుగా ఏం చేస్తారు? కాకి మొత్తాన్ని కత్తిరించి తెచ్చి మధ్యలో పెడతారు. నన్నడిగితే ముందు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, ఈ బొమ్మలో నీకు బాగా వచ్చిందనిపించే చోటు ఏది అని అడగండి. నల్ల అట్టలో నలుచదరపు కిటికీ కోసి చేతికివ్వండి, బొమ్మ మీద జరుపుకుంటూ చూడమనండి. చాలామంది విద్యార్థులు తమకి తెలియకుండానే ఆ మెడ దగ్గరో, కంటి దగ్గరో ఆగుతారు. సరే, ఆ కన్నూ ముక్కూ మెడా మాత్రమే తీసుకుని కాగితం ఎడమ సగమంతా నింపేద్దాం, కొమ్మా ఆకాశం వదిలేద్దాం, కుడివైపు ఖాళీ ఉంచి అక్కడ తేదీ, సమయం పెడదాం. కాకి ఇప్పుడు చదివేవాడి వైపు చూస్తోంది. సాఫ్ట్‌వేర్ తెరవకముందే డిజైన్‌లో సగం పని అయిపోయింది.

ఇక కాగితాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, కానీ ఇక్కడ పోయింది తర్వాత ఎంత గింజుకున్నా తిరిగి రాదు. లెక్క ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఏ4 బొమ్మని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే 2480 బై 3508 పిక్సెళ్లు వస్తాయి, అది అదే సైజులో అచ్చు వెయ్యడానికి సరిపోతుంది. అదే బొమ్మని 600లో చేస్తే రెండువైపులా రెట్టింపవుతుంది, అంటే ఏ2 పోస్టర్‌కి కూడా 300 డీపీఐ మిగులుతుంది. మన కాకిలాగా బొమ్మలో ఒక ముక్కనే పెద్దది చెయ్యాలంటే ఇంకా ఎక్కువ కావాలి, 1200కి వెళ్లండి. ఫైల్ బరువెక్కుతుందని భయపడొద్దు. నాణ్యత పోని టిఫ్ ఫార్మాట్‌లో సేవ్ చేసి, ఆ మొదటి స్కాన్‌ని ముట్టుకోకుండా పక్కన పెట్టి, కాపీ మీదే పని చెయ్యండి. జేపెగ్‌ని మార్చి మార్చి సేవ్ చేసిన కొద్దీ గీతల అంచుల దగ్గర మురికి పేరుకుంటుంది, బొగ్గు బొమ్మలో అది ఇంకా బాగా కనబడుతుంది.

బొగ్గూ పాస్టెల్ అయితే ముందు ఫిక్సెటివ్, అంటే పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే, కొట్టండి, లేకపోతే పొడి గాజుకంటుకుని తర్వాతి బొమ్మని కూడా పాడుచేస్తుంది. నీటి రంగుల కాగితంతో ఇంకో సమస్య ఉంది. స్కానర్ లైటు ఒక పక్కనుంచే పడుతుంది కాబట్టి కాగితం గరుకుకి నీడలు పడి, వేసిన రంగు కంటే గరుకే ఎక్కువ కనిపిస్తుంది. ఒకసారి స్కాన్ చేసి, కాగితాన్ని తలకిందులుగా తిప్పి ఇంకోసారి స్కాన్ చేసి, రెండోదాన్ని తిన్నగా తిప్పి మొదటిదాని మీద సగం పారదర్శకంగా పెడితే ఆ నీడలు చాలావరకు సద్దుమణుగుతాయి. స్కానర్‌లో పట్టని పెద్ద బొమ్మలకి కెమెరానే గతి. రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో రెండు ఒకేలాంటి లైట్లు పెట్టండి, కెమెరాని కాగితానికి సమాంతరంగా ఉంచండి. బాగా దగ్గరికి వెళ్లి తీస్తే అంచులు వంకరపోతాయి, కొంచెం వెనక్కి జరిగి జూమ్ చేసుకోవడం మేలు.

శుభ్రం చేసే దగ్గర చెయ్యి ఆపుకోవడం నేర్చుకోవాలి. వెలుగునీడల్ని సర్దే లెవెల్స్‌లో తెల్ల కొసని లోపలికి లాగితే కాగితం తెల్లబడుతుంది, ఇంకాస్త లాగితే లేత షేడింగ్ మొత్తం కొట్టుకుపోతుంది. మన కాకి మెడ మీద వేలితో రుద్దిన ఆ బూడిదరంగు మొదట పోయేది ఇక్కడే. థ్రెషోల్డ్ అయితే ఇంకా కఠినం, నలుపుకి 0, తెలుపుకి 255 అని లెక్కేసే ఛాయలన్నిటినీ రెండే ముక్కలు చేస్తుంది, నలుపో తెలుపో. ఇంకు బొమ్మలకి అది అద్భుతంగా పనిచేస్తుంది, బొగ్గుకి చూసి వాడాలి. కాగితం తెలుపు అడ్డొస్తుంటే చెరపక్కర్లేదు, బొమ్మ ఉన్న లేయర్‌ని, అంటే పొరని, కింది రంగుతో కలిపే మల్టిప్లై మోడ్‌లో పెడితే తెలుపు దానంతటదే మాయమై కింద రంగు కనిపిస్తుంది, వేలి రాపిడి అలాగే ఉంటుంది. ఇంకో చిట్కా కూడా చెప్తాను, క్లాసులో పిల్లలకి చూపిస్తే కళ్లు విప్పార్చి చూస్తారు. ముందు లేత నీలం పెన్సిల్‌తో స్కెచ్ వేసి దాని మీద నల్ల ఇంకుతో గీయమనండి. రంగుల్లో స్కాన్ చేసి స్కాన్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాల్లో నీలం భాగాన్ని, అంటే బ్లూ ఛానల్ ఒక్కదాన్నే తీసుకుంటే నీలం గీతలు దాదాపు కాగితంలో కలిసిపోతాయి, ఇంకు మిగులుతుంది. రబ్బరు ముట్టుకోనే అక్కర్లేదు.

వెక్టర్ అంటే పిక్సెళ్లతో కాకుండా గీతల లెక్కలతో నిలిచే బొమ్మ, దాని గురించి కొంచెం గట్టిగానే మాట్లాడాలి. ఆటోమేటిక్ ట్రేస్ బటన్ అంటే అందరికీ మోజు. ఇంక్‌స్కేప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూడా అది ఉంది, ఒక్క క్లిక్‌తో బొమ్మ గీతలన్నీ వెక్టర్ అయిపోతాయి, ఎంత పెద్దది చేసినా పగలవు. నిజమే. కానీ పెన్సిల్ షేడింగ్ ఉన్న బొమ్మని ట్రేస్ చేసి అవుట్‌లైన్ వ్యూలో ఒకసారి చూడండి, గీతల్ని పట్టి ఉంచే వేల యాంకర్ పాయింట్లు చీమల పుట్ట పగిలినట్టు కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే మైనం కరిగినట్టు ఉంటుంది, ఒత్తిడి పెంచి తగ్గించి గీసిన గీత ఒకే మందానికి వచ్చేస్తుంది. లోగో కావాలంటే వెక్టర్ తప్పదు, అది గోడంత పెద్దగానూ గోరంత చిన్నగానూ కనబడాలి. అప్పుడు ట్రేస్ మీద ఆధారపడొద్దు. స్కాన్‌ని మసకచేసి కింది లేయర్‌లో పెట్టి, పైన పెన్ టూల్‌తో విద్యార్థినే మళ్లీ గీయమనండి. ఆ అమ్మాయి కాకిని ఒకసారి చూసి గీసింది, ఇప్పుడు తన బొమ్మని చూసి గీస్తుంది. మెడ వంపుకి మూడు పాయింట్లు చాలని తనకే తెలుస్తుంది, ముక్కు దగ్గర గీత ఎక్కడ లావెక్కాలో కూడా తనకే తెలుసు. పోస్టర్‌కి, పుస్తకం అట్టకి మాత్రం వెక్టర్ చెయ్యాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. మంచి స్కాన్ ఉంటే చాలు.

రంగులకొస్తే, తెర మీద కనిపించిందే అచ్చులో వస్తుందని పిల్లలకి ఆశ పెట్టొద్దు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు నాలుగు ఇంకులతో చూపిస్తుంది. మెరిసే నీలాలు, ఊదారంగులు, ఘాటైన నారింజలు మామూలు నాలుగు రంగుల అచ్చులో చల్లబడిపోతాయి, ఫ్లోరోసెంట్ రంగుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ అంతటివాడికే ఈ బాధ తప్పలేదు. ఆయన రంగు పూసిన కాగితాలు కత్తెరతో కత్తిరించి చేసిన బొమ్మలు 1947లో 'జాజ్' అనే పుస్తకంగా వచ్చాయి. ఆయన వాడిన రంగులతోనే స్టెన్సిల్స్ పెట్టి అచ్చేశారు. అయినా కాగితాల్లో ఉన్న సున్నితత్వం పుస్తకంలో పోయిందని ఆయన అసంతృప్తి పడ్డాడు. కాబట్టి మొత్తం ప్రింట్ వేసేముందు ఒక ప్రూఫ్, అంటే నమూనా ప్రింట్, తీయించి, అసలు బొమ్మ పక్కన పెట్టి, పగటి వెలుతురులో విద్యార్థికే చూపించండి. రెండూ ఒకేలా లేకపోవచ్చు, కానీ ఏ రంగు తగ్గినా ఫర్వాలేదు, ఏది తగ్గకూడదు అన్నది తను చెప్పగలుగుతుంది. చుట్టూ 3 మిల్లీమీటర్లు బ్లీడ్, అంటే కత్తిరింపులో పోయే అదనపు అంచు, వదలడం మర్చిపోకండి, సంతకం అంచుకి దగ్గరగా ఉంటే కత్తెరలో పోతుంది.

అక్షరాల విషయంలో నాకు కొంచెం పట్టుదల ఉంది. బొగ్గు బొమ్మ పక్కన మెషీన్‌లా నున్నగా ఉండే ఫాంట్ పెడితే రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. శీర్షిక మటుకు అదే బొగ్గుతో, అదే చేత్తో విద్యార్థినే రాయమనండి, పది రకాలుగా రాయమని, బాగున్నది స్కాన్ చెయ్యండి. మన తెలుగులో గుడులు పైకి పోతాయి, వత్తులు కిందికి దిగుతాయి, అందుకని రెండు వరుసల మధ్య ఖాళీ ధారాళంగా ఇవ్వాలి, లేకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడి మీద కూర్చుంటుంది. తేదీ, సమయం, చోటు లాంటి చిన్న వివరాలకి మాత్రం సాదా ఫాంటే వాడండి, అక్కడ చదవగలగడమే ముఖ్యం.

బొమ్మ ఎవరిదన్న మాట చివరికి వదిలేశాను గానీ నిజానికి మొదట అడగాల్సింది ఇదే. వేసినవాళ్లదే బొమ్మ. వేసినవాళ్లకి ఎన్నేళ్లున్నా అంతే. 1886 నాటి బెర్న్ ఒప్పందం అంతర్జాతీయ కాపీరైట్‌కి పునాది, 1928లో దాన్ని సవరించినప్పుడు, కర్తగా తన పేరు చెప్పుకునే హక్కు, తన పరువుకి భంగం కలిగేలా తన పనిని వికృతం చేస్తే కాదనే హక్కు కూడా చేర్చారు. మనం సగం కత్తిరించి, రంగు మార్చి, మీద అక్షరాలు పెడుతున్నాం కదా, అడక్కుండా ఎలా చేస్తాం? చిన్నపిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి కాగితం మీద తీసుకోండి, ఎక్కడెక్కడ వాడతారో అందులో రాయండి. కానీ కాగితం మీద సంతకం వచ్చింది కదా అని పిల్లని అడగడం మానొద్దు. యునిసెఫ్ మొట్టమొదటి గ్రీటింగ్ కార్డు 1949లో వచ్చింది, దాని మీద బొమ్మ చెకోస్లోవేకియాలో ఒక ఏడేళ్ల అమ్మాయి వేసింది. యుద్ధం తర్వాత కాగితం దొరక్క గాజు మీద వేసింది, తమకి అందిన సాయానికి కృతజ్ఞతగా. ఆ ఒక్క బొమ్మతో మొదలైన కార్డులు దశాబ్దాల తరబడి పిల్లల కోసం డబ్బు సమకూర్చాయి. విద్యార్థి బొమ్మ అనగానే కొంచెం జాలిగా, సరదాకి వేసిందేలే అన్నట్టు చూసే టీచర్లకి నేను ఈ కార్డు సంగతే చెప్తాను.

మీలో కొందరు విద్యార్థుల బొమ్మలు వెంట తెచ్చారని నిర్వాహకులు చెప్పారు. పక్క గదిలో స్కానర్ ఉంది, నల్ల అట్ట, కత్తెరలు కూడా పెట్టించాం. ముందు కిటికీలు కోసుకుందాం, కంప్యూటర్లు తర్వాత తెరుద్దాం. బొమ్మ వేసిన విద్యార్థి కూడా వచ్చి ఉంటే అట్ట ముందుగా వాళ్ల చేతికివ్వండి.