కెమెరా ముందు నుంచి కెమెరా వెనక్కి

శ్రోతలకు నమస్కారం.

అడల్ట్ సినిమాల్లో నటించి, ఆ పని మానేసిన ఒక అమెరికన్ నటి గురించి ఈరోజు మాట్లాడాలనుకుంటున్నాను. ఇంట్లో అందరూ కలిసి వింటున్నా ఇబ్బంది పడక్కర్లేదు. ఆ సినిమాల జోలికి పెద్దగా పోను. ఆ పని చేసిన మనిషి తర్వాత ఏం చేశారన్నదే నా విషయం.

ఆమె పేరు క్యాండిడా రొయాల్. అది తెర పేరు. అసలు పేరు క్యాండిస్ వడాలా. 1950లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టారు. తండ్రి జాజ్ డ్రమ్మర్. చిన్నప్పటి నుంచీ బొమ్మలు గీయడం, పాట, డాన్సు అన్నిట్లోనూ ఇష్టమే. 70ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరి నాటకాల్లో వేషాలు వేశారు, జాజ్ పాటలు పాడారు. వాటితో ఇల్లు గడిచేది కాదు. 1975లో నీలిచిత్రాల్లోకి వచ్చారు. ఐదేళ్లలో పాతిక సినిమాల దాకా చేశారు.

ఆ రంగంలో డబ్బు ఎలా నడిచేదో చెప్పాలి. నటికి దక్కేది షూటింగ్ జరిగిన రోజులకి కూలి. సంతకం పెట్టి డబ్బు తీసుకుంటే ఆమె లెక్క అక్కడితో సరి. ఆ సినిమా థియేటర్లో ఎన్ని వారాలు ఆడినా, తర్వాత క్యాసెట్ల రూపంలో ఎంత అమ్ముడైనా ఆమె చేతికి ఇంకేమీ వచ్చేది కాదు. నటన మానేసి, పెళ్లి చేసుకుని, వేరే ఊళ్లో వేరే పని చేసుకుంటున్నా పాత సినిమాలు మాత్రం షాపుల్లో ఉంటూనే ఉండేవి. వాటిని ఆపే హక్కు కూడా ఆమెకు ఉండేది కాదు. నా దృష్టిలో ఇది చాలా పెద్ద అన్యాయం.

క్యాండిడా 1980లో నటన మానేశారు. అసలు ఈ పని ఎందుకు చేశాను అన్న ప్రశ్న ఆమెను వదల్లేదు. థెరపిస్టు దగ్గరికి వెళ్లి మరీ దాన్ని తేల్చుకున్నారు. చేసిన పనికి తను సిగ్గుపడనక్కర్లేదు, కానీ ఆ సినిమాల్లో ఆడవాళ్ల మనసుకి చోటే లేదు. ఆమెకు చివరికి అర్థమైంది అది.

1983లో న్యూయార్క్‌లో ఒక చిన్న వేడుక జరిగింది. వెరోనికా హార్ట్ అనే నటికి పుట్టబోయే బిడ్డ కోసం స్నేహితురాళ్లు కలిశారు. వాళ్లందరిదీ ఒకటే వృత్తి. బయట ఎవరితోనూ చెప్పుకోలేని సంగతులు అక్కడ చెప్పుకోగలిగారు. మళ్లీ మళ్లీ కలుద్దామనుకున్నారు. క్యాండిడా, వెరోనికా హార్ట్, యానీ స్ప్రింకిల్, గ్లోరియా లియొనార్డ్, వెరోనికా వెరా. యానీ ఇల్లు లెక్సింగ్టన్ అవెన్యూలో 90వ నంబరు భవనంలో ఉండేది కాబట్టి తమ బృందానికి 'క్లబ్ 90' అని పేరు పెట్టుకున్నారు. మరుసటి ఏడాది ఆ డ్రాయింగ్ రూమ్ కబుర్లనే న్యూయార్క్‌లోని ఫ్రాంక్లిన్ ఫర్నేస్ వేదిక మీద ప్రదర్శనగా మలిచారు. ఆ స్నేహం దశాబ్దాల పాటు నిలిచింది. నా మటుకు నాకు క్యాండిడా జీవితంలో అన్నిటికన్నా విలువైనది ఇదే అనిపిస్తుంది. తోడు దొరికాకే కదా మనిషికి ధైర్యం వచ్చేది.

1984లోనే లారెన్ నీమీ అనే ఆవిడతో కలిసి క్యాండిడా 'ఫెమ్ ప్రొడక్షన్స్' అనే సినిమాల సంస్థ స్థాపించారు. పెట్టుబడి క్యాండిడా మామగారు ఇచ్చారు. ఇళ్లలోకి వీసీఆర్‌లు వస్తున్న కాలం అది. థియేటర్‌కి వెళ్లలేని ఆడవాళ్లు ఇంట్లో భర్తతో కూర్చుని చూడగలిగే సినిమా తీయాలన్నది ఆమె ఆలోచన. ఇలాంటివి ఆడవాళ్లు కొంటారా అని ఆ వ్యాపారంలో చాలామంది పెదవి విరిచారు. ఆమె తీసిన వాటిలో కథ, మాటలు, ప్రేమ, ఆడమనిషి ఇష్టం ఉన్నాయి. ఎయిడ్స్ భయం ముదిరిన రోజుల్లో సెట్ మీద కండోమ్ వాడకాన్ని పట్టుబట్టి పాటించిన కొద్దిమందిలో ఆమె ఒకరు.

ఇక్కడ ఇంకో నటి గురించి చెప్పకపోతే తప్పవుతుంది. లిండా లవ్‌లేస్ పేరుతో 1972లో ప్రపంచానికి తెలిసిన లిండా బోర్మన్, అప్పటి భర్త తనను కొట్టి, బెదిరించి ఆ సినిమాల్లో నటింపజేశాడని 1980లో తన ఆత్మకథలో రాశారు. అశ్లీల చిత్రాలపై విచారణకి అమెరికా ప్రభుత్వం వేసిన మీస్ కమిషన్ ముందు కూడా 1986లో మాట్లాడారు. అశ్లీల చిత్రాలను నిషేధించాలన్న స్త్రీవాదులు లిండా వైపు నిలబడ్డారు. సెన్సార్‌షిప్ వద్దన్న స్త్రీవాదులతో క్యాండిడా నిలబడ్డారు. ఇద్దరిలో ఎవరో ఒకరి మాటే నిజమని తీర్పు చెప్పడం నాకు సమ్మతం కాదు. ఒకే రంగంలో ఒకరికి నరకం, ఇంకొకరికి బతుకుదెరువు ఎదురుకావచ్చు. మనం ఇద్దరి మాటా వినాలి.

క్యాండిడా 2015 సెప్టెంబరు 7న, 64 ఏళ్ల వయసులో, అండాశయ క్యాన్సర్‌తో చనిపోయారు. చిన్ననాటి నుంచి రాసుకున్న డైరీలు, ఉత్తరాలు, వ్యాపార కాగితాలు అన్నీ ఆమె జాగ్రత్త చేసుకున్నారు. ఇప్పుడవి హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ష్లెసింజర్ లైబ్రరీలో ఉన్నాయి. అమెరికా మహిళల చరిత్రకి పేరున్న లైబ్రరీ అది. వాటి ఆధారంగా చరిత్రకారిణి జేన్ కమెన్‌స్కీ రాసిన జీవిత చరిత్ర 2024లో వెలువడింది. ఈ రంగంలోని ఆడవాళ్ల గురించి ఇతరులు రాసింది చాలానే ఉంది. ఒక నటి తన చేత్తో ఏళ్ల తరబడి రాసుకున్నది చదవాలనుకునే వాళ్లు ఇప్పుడు ఆ లైబ్రరీకి వెళ్లవచ్చు.

సెలవు.